కట్టుడు పళ్లకు ముందు నోట్లో చేసే సర్జరీ: ఎంత తీయాలి, ఎక్కడ ఆగాలి

పళ్లన్నీ పీకించేసుకుని, గాయాలు మానాక "ఇప్పుడు సెట్ కట్టండి" అని వచ్చేవాళ్లే మన దగ్గర ఎక్కువ. వరస తప్పేది అక్కడే. సెట్ ఎలా ఉండబోతోందో, పక్క పళ్లకు తొడిగి బిగించే బ్రిడ్జి ఏ పళ్ల మీద నిలబడబోతోందో ముందే తేలితే, పన్ను తీసే రోజునే ఎముకను ఎంత సర్దాలో తెలుస్తుంది. ఆ లెక్క లేకుండా పీకితే రెండు నెలల తర్వాత అదే చిగురును మళ్లీ కోయాల్సి వస్తుంది. అందుకే పళ్లు కట్టే ప్రోస్థోడాంటిస్టు ముందు చూడాలి, కోసే సర్జన్ ఆ తర్వాత. రెండు పనులూ ఒకే డాక్టరు చేస్తున్నా ఆలోచన మాత్రం ఈ వరసలోనే నడవాలి.

చూడటం అంటే టార్చి వేసి చూడటంతో సరిపోదు. పళ్లు నిలిచే ఎముక గట్టు మొత్తాన్ని, నాలుక వైపూ బుగ్గ వైపూ, వేలితో నొక్కుతూ తడమాలి. పేషెంటు ముఖం చిట్లించిన చోటల్లా గుర్తు పెట్టుకోవాలి. రేపు సెట్ నొక్కేది ఆ చోట్లనే. రెండు దవడలూ ఒకే ఫిల్మ్‌లో కనిపించే ఓపీజీ ఎక్స్‌రే తప్పనిసరి. చిగురు నున్నగా కనిపిస్తున్నా లోపల విరిగి మిగిలిన వేరు ముక్కలు, బయటికి రాని జ్ఞానదంతాలు, సిస్టులు దొరుకుతూనే ఉంటాయి. పై దవడలో సైనస్ (ముక్కు పక్కన ఎముకలో ఉండే గాలి గది) ఎంత కిందికి దిగిందో, కింది దవడలో పెదవికి స్పర్శనిచ్చే మెంటల్ నరం బయటపడే రంధ్రం గట్టుకు ఎంత దగ్గరలో ఉందో కూడా అందులోనే తెలుస్తుంది. ఆ తర్వాత ప్లాస్టర్ నమూనాలు పోసి, దవడల్లా కదిలే ఆర్టిక్యులేటర్ పరికరం మీద ఎక్కించి, వెనక భాగంలో పైకీ కిందికీ మధ్య ఎంత ఖాళీ ఉందో కొలవాలి. చాలామంది వదిలేసే మెట్టు ఇదే. దాని ఫలితం ట్రయల్ రోజున, వెనక పళ్లు పెట్టే చోటు లేదని తెలిసినప్పుడు బయటపడుతుంది.

పన్ను తీశాక ఎముక తగ్గడాన్ని ఎవరూ పూర్తిగా ఆపలేరు. మొదటి ఆరు నెలల్లో గట్టు వెడల్పు సగటున 3.8 మి.మీ., ఎత్తు 1.2 మి.మీ. వరకు పోతుంది. పోయేది ఎక్కువగా పెదవి, బుగ్గ వైపు ఉండే పలుచని పలక. కింది దవడ పరిస్థితి ఇంకా కష్టం. సెట్ వాడుతున్నవాళ్లను పాతికేళ్ల పాటు గమనించి ఆంట్యే తాల్‌గ్రెన్ 1972లో ప్రచురించిన లెక్క ప్రకారం కింది గట్టు పై గట్టు కంటే దాదాపు నాలుగు రెట్లు ఎక్కువగా తగ్గింది. తనంతట తానే ఇంత కరిగిపోయే ఎముకను మనం కూడా చేతులారా తీసేస్తే పదేళ్ల తర్వాత సెట్ నిలవడానికి ఏమీ మిగలదు. నా పద్ధతి ఒకటే: సెట్ ఎక్కడానికీ దిగడానికీ అడ్డం వచ్చేదే తీయాలి, చూడటానికి ఎగుడుదిగుడుగా ఉన్నదాన్ని వదిలేయాలి.

ఒకటి రెండు పళ్లు తీసిన చోట ఏ ట్రిమ్మింగూ అక్కర్లేదు. బొటనవేలు, చూపుడువేలు రెండు వైపులా పెట్టి నొక్కితే పలక లోపలికి సర్దుకుంటుంది. తర్వాత అక్కడ ఇంప్లాంట్ (ఎముకలో బిగించే స్క్రూ) పెట్టే ఆలోచన ఉంటే ఆ నొక్కడం కూడా వద్దు, వెడల్పు పోతుంది.

వరసగా చాలా పళ్లు తీసినప్పుడు గట్టు ఎముకను సర్దడానికి చేసేది ఆల్వియోలోప్లాస్టీ. 2% లిగ్నోకైన్, 1:80,000 అడ్రినలిన్‌తో మత్తు. గుండె జబ్బు ఉన్నవాళ్లలో అడ్రినలిన్ మొత్తం 0.04 మి.గ్రా. దాటకూడదన్నది పాత లెక్కే అయినా ఇప్పటికీ పనికొస్తుంది. 1:80,000 ద్రావణంలో అది 3.2 మి.లీ. అందుకని అలాంటివాళ్లకు రెండు దవడలూ ఒకే రోజు పెట్టుకోకుండా విడదీయడమే మేలు. కోత గట్టు నడినెత్తిన, ఎముకకు తగిలేదాకా, పని ఉన్న చోటుకు అటూ ఇటూ దాదాపు ఒక సెంటీమీటరు దాటి ఉండాలి. ఫ్లాప్‌ను, అంటే కోసిన చిగురు పొరను, తీయాల్సిన ఎముక కనిపించేంతవరకే లేపాలి. బాగా కనిపించాలని కిందిదాకా లేపేస్తే ఎముకకు రక్తం అందించే పొర ఊడుతుంది, వాపు పెరుగుతుంది. పైగా పెదవికీ గట్టుకీ మధ్య ఉండే లోతు తగ్గి, సెట్ అంచుకు చోటు పోతుంది.

పెద్ద ముక్కలకు రాంజర్ (ఎముకను తుంచే పటకారు), మిగతాదానికి సెలైన్ ధారగా పోస్తూ బర్ (తిరిగే డ్రిల్లు ముక్క), చివర బోన్ ఫైల్ (ఆకురాయి). ఫైల్‌ను తన వైపు లాగినప్పుడే ఎముక అరుగుతుంది. ముందుకూ వెనక్కూ రుద్దితే ఫైల్ పళ్ల మధ్య ఎముక పొడి కూరుకుపోయి అసలు అరగదు. సెలైన్ విషయంలో పిసినారితనం పనికిరాదు. ఎముక 47 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఒక్క నిమిషం ఉన్నా దెబ్బతింటుంది, నీళ్లు లేని బర్ కింద ఆ వేడి రావడానికి ఎంతోసేపు పట్టదు. ఇక ఎక్కడ ఆపాలన్నది తేల్చడానికి ఒక పద్ధతి ఉంది: ఫ్లాప్‌ను తిరిగి దాని చోట కప్పి, పైనుంచి వేలితో తడమాలి. బట్టబయలుగా ఉన్న ఎముక ఎప్పుడూ గరుకుగానే తగులుతుంది. దాన్నే పట్టుకుని నున్నగా అయ్యేదాకా అరగదీస్తూ పోతే అవసరానికి రెండింతలు తీసేసినట్టే. చిగురు మీదుగా నున్నగా తగిలితే చాలు.

కుట్లు వేసేముందు ఫ్లాప్ మొదట్లో, మడత దగ్గర, సెలైన్‌తో బాగా కడగాలి. ఎముక పొడి పేరుకునేది అక్కడే. వదిలేస్తే పది పదిహేను రోజులకు చిన్న గడ్డలా లేచి చీము కారుతుంది, పేషెంటు "ఇంకో పన్ను ముక్క ఉండిపోయింది" అనుకుంటారు. మిగులు చిగురు కొద్దిగానే కత్తిరించి, 3-0 సిల్క్ లేదా విక్రిల్‌తో వరస కుట్టు. సిల్క్ అయితే ఏడో రోజు తీసేయాలి.

పై ముందు పళ్లు ఎత్తుగా ఉన్నవాళ్లకు చాలామంది పెదవి వైపు పలకను చెక్కేస్తారు. అంతకంటే మంచి దారి 1936లోనే డీన్ అనే డాక్టరు చెప్పాడు. పళ్ల మధ్య ఉండే గోడల్ని లోపలి నుంచి తీసేసి, బయటి పలకను విరిచి వేలితో లోపలికి నొక్కడం. గట్టి పలక అలాగే ఉంటుంది, ఎత్తు పెద్దగా పోదు, పైపొర ఊడదు కాబట్టి తర్వాతి అరుగుదల కూడా తక్కువ. కాకపోతే గట్టు ఎత్తు బాగా ఉండి, గోడలు మందంగా ఉన్నచోటే ఇది కుదురుతుంది.

పళ్లు తీసిన రోజే సెట్ పెట్టించుకోవాలంటే ఒక పారదర్శకమైన అక్రిలిక్ టెంప్లేట్ తప్పకుండా ఉండాలి. ప్లాస్టర్ నమూనా మీద పళ్లు కోసి, గట్టును ఎంత తగ్గించాలనుకున్నామో అంతా చెక్కి, దాని మీద సెట్‌తోపాటే దీన్నీ పోస్తారు. పళ్లు తీశాక టెంప్లేట్‌ను ఎక్కించి నొక్కితే ఎముక ఎత్తుగా ఉన్న చోట చిగురు తెల్లబడి కనిపిస్తుంది. అక్కడ మాత్రమే తీయాలి. ఇది లేకుండా సెట్‌నే గుచ్చి గుచ్చి ఎక్కిస్తే, రంగు అక్రిలిక్ కింద ఎక్కడ నొక్కుతోందో తెలియదు. అదే రాత్రి నొప్పి తట్టుకోలేక పేషెంటు సెట్ తీసేస్తారు, పొద్దునకు వాచి మళ్లీ ఎక్కదు. మొదటి 24 గంటలు తీయొద్దని చెప్పేది అందుకే. మర్నాడు డాక్టరే తీసి, కడిగి, పుండు పడిన చోట అరగదీస్తారు.

ఇప్పుడు గడ్డలు. అంగిలి నడిమధ్యన రాయిలా గట్టిగా ఉండే ఉబ్బు టోరస్. ఇది జబ్బు కాదు, చాలామందికి ఉన్నట్టే తెలియదు. చిన్నదైతే సెట్ లోపలి వైపు కాస్త ఖాళీ ఇస్తే సరిపోతుంది, కోయడం అనవసరం. పెద్దదై అంగిలిని నింపేసినా, పక్కలకు వంపు తిరిగి ఆహారం ఇరుక్కుంటున్నా, సెట్ వెనక అంచు గాలి బిగించే చోటుదాకా సాగినా తీయాలి. కోత మధ్యలో ఒక గీత, రెండు చివర్లా వై ఆకారం. గడ్డను ఉలితో ఒక్కసారే లేపబోవడం ఇందులో పెద్ద పొరపాటు, ముక్కు అడుగు చిల్లు పడుతుంది. బర్‌తో నిలువుగా, అడ్డంగా గాట్లు పెట్టి, చిన్న ముక్కలుగా తీసి, మిగిలిందాన్ని నున్నగా చేయాలి. అంగిలి చిగురు ఇక్కడ చాలా పలుచన, కింద రక్తం చేరితే ఎండి చచ్చిపోతుంది. అందుకే ఆపరేషనుకు ముందే నమూనా మీద ఒక ప్లేటు చేయించి, కుట్లయిన వెంటనే పెట్టాలి. చిగురును ఎముకకు అదిమి పట్టి ఉంచడం దాని పని.

కింది దవడలో టోరై (టోరస్ గడ్డలు) నాలుక వైపు, చిన్న దవడ పళ్ల దగ్గర, తరచు రెండు పక్కలా ఉంటాయి. తీసి పెట్టుకునే పాక్షిక సెట్‌కు మెటల్ బార్ నాలుక వైపు పోవాలంటే చిగురు అంచు నుంచి నోటి అడుగుదాకా కనీసం 8 మి.మీ. కావాలి: 4 మి.మీ. బార్‌కు, 4 మి.మీ. చిగురుకు దూరం. టోరస్ ఉంటే ఆ బార్‌కు దారి దొరకదు. ఇక్కడ పైనుంచి బర్‌తో గాడి తీసి, ఉలితో ఒక్క దెబ్బలో పలకలా విడదీయవచ్చు. నాలుక వైపు చిగురు కాగితంలా ఉంటుంది, ఫ్లాప్ చిరిగిందా మానడానికి వారాలు పడుతుంది.

పై దవడ చిట్టచివర, జ్ఞానదంతం వెనక ఉండే ఉబ్బు ట్యూబరాసిటీ. అది కిందికి దిగిపోయి కింది చిగురుకు తగులుతుంటే సెట్‌కు చోటుండదు. ఎక్స్‌రే చూడకుండా కత్తి పెట్టొద్దు. అది మాంసమే అయితే చీలిక ఆకారంలో కోసి, లోపల పలచబరిచి కుట్టేయొచ్చు. ఎముక అయితే సైనస్ అందులోకి దిగి ఉందేమో చూడాలి. చిల్లు పడితే గట్టిగా కుట్టి, రెండు వారాలు ముక్కు చీదకూడదని చెప్పాలి, తుమ్ము వస్తే నోరు తెరిచి తుమ్మాలి. ఇంకో మాట: రెండు పక్కలా అండర్‌కట్ (ఉబ్బు కింద లోపలికి పోయే వంపు) ఉంటే ఒక పక్క తీస్తే చాలు. సెట్‌ను ఆ రెండో పక్క ముందు ఎక్కించి, తిప్పి ఇవతల పక్క కూర్చోబెట్టొచ్చు, పైగా ఆ మిగిలిన వంపు సెట్‌ను పట్టి ఉంచుతుంది.

మాంసం వైపు సంగతులకు వస్తే, ఏళ్ల తరబడి వదులుగా ఉన్న పాత సెట్ అంచు గుచ్చుకుని పెదవి లోపల మడతలు మడతలుగా పెరిగేది ఎప్యులిస్ ఫిస్సురేటమ్. దాన్ని చూసిన రోజే కోయడం తొందరపాటు. ముందు సెట్ అంచు తగ్గించి, లోపల టిష్యూ కండిషనర్ అనే మెత్తటి పూత వేసి, రెండు మూడు వారాలు ఆగాలి. కుదిరితే సెట్ అసలు పెట్టుకోకపోవడం ఇంకా మంచిది. వాపు భాగమంతా దిగిపోయి, కోయాల్సింది చాలా తగ్గుతుంది. మొదట్లోనే మొత్తం కోస్తే పెదవికీ గట్టుకీ మధ్య లోతు పోయి, కొత్త సెట్ అంచుకు చోటుండదు. తీసిన ముక్క ఎంత మామూలుగా కనిపించినా బయాప్సీకి పంపాలి.

ముందు పై గట్టు మెత్తగా ఊగిపోతుంటే, ముఖ్యంగా కింద సొంత ముందు పళ్లు ఉన్నవాళ్లలో, సెట్ తడి ఇసుక మీద వేసిన పీటలా కదులుతుంది. చాలామంది సర్జన్లు దీన్ని చెక్కేస్తారు. తీసేశాక అక్కడ గట్టే ఉండదు, సెట్ పక్కకు జారుతుంది. నా మటుకు ముందు కిటికీ ట్రేతో (ఊగే చోట తెరిచి ఉంచిన కొలత ట్రే), ఊగే భాగాన్ని నొక్కకుండా కొలత తీసి చూడాలి. అలా కుదరని కొద్దిమందికే కత్తి.

పై పెదవిని గట్టుకు పట్టి ఉంచే తంతి, ఫ్రీనమ్, గట్టు అంచుదాకా దిగితే సెట్‌లో అక్కడ లోతైన గాటు పెట్టాలి. సెట్ నడిమధ్యకు విరిగి వచ్చినప్పుడు ఎన్నోసార్లు కారణం ఆ గాటే. రెండుసార్లు అతికించాక అయినా ఫ్రీనమ్ కోయించడం గురించి ఆలోచించాలి. సన్నగా ఉంటే జడ్-ప్లాస్టీ (Z ఆకారంలో కోసి కుట్టడం) బాగా నిలుస్తుంది.

శ్రీకాకుళం, విశాఖ తీరాన చుట్టను నిప్పు నోట్లోకి పెట్టి కాల్చే అడ్డపొగ అలవాటు ఉన్నవాళ్లలో అంగిలిని ప్రత్యేకంగా చూడాలి. ఎక్కువమంది పెద్దవయసు ఆడవాళ్లే. తెల్లటి మందపు మచ్చలు, మధ్యలో ఎర్ర చుక్కలు, మానని పుండు కనిపిస్తే సెట్ సంగతి పక్కనపెట్టి బయాప్సీ చేయించాలి. అంగిలి క్యాన్సర్‌కు ఈ అలవాటు తెలిసిన కారణం. దాని మీద పళ్ల ప్లేటు కప్పేస్తే నెలల తరబడి ఎవరికీ కనబడదు. గుట్కా వల్ల నోరు బిగుసుకుపోయినవాళ్లలో ఇబ్బంది వేరు, కొలత ట్రే నోట్లోకే పట్టదు. నోరు తెరుచుకునే వైద్యం ముందు, పళ్లు తర్వాత.

కింది గట్టు బాగా అరిగిపోయినవాళ్లకు ఒకప్పుడు వెస్టిబ్యులోప్లాస్టీ పెద్ద ఆశ. 1924లో కజాన్జియన్ అనే సర్జన్ పద్ధతితో మొదలై ఎన్నో రకాలు వచ్చాయి. పెదవి కండరాలను కిందికి దించి, గట్టును ఎత్తుగా కనిపించేలా చేయడం వీటి ఉద్దేశం. కింద కనీసం 15 మి.మీ. ఎముక ఉండాలి, మానేటప్పుడు మళ్లీ ముడుచుకుపోవడం మామూలు, గడ్డం మొద్దుబారొచ్చు. ఇప్పుడు వీటి చోటు చాలావరకు ఇంప్లాంట్లు తీసుకున్నాయి. పళ్లు లేని కింది దవడకు రెండు ఇంప్లాంట్ల మీద బిగిసే సెట్ మొదటి ఎంపిక కావాలని 2002లో మెక్‌గిల్ యూనివర్సిటీలో కూడిన నిపుణులు తీర్మానించారు. ఖర్చు భరించగలిగితే నేనూ అదే చెబుతాను.

బ్రిడ్జి విషయంలో సర్జరీ వేరే రకం. పన్ను చిగురు దాకా విరిగిపోయి, దాని మీద క్యాప్ పట్టాలంటే క్రౌన్ లెంగ్తెనింగ్, అంటే చిగురు పైకి కనిపించే పన్ను పొడవు పెంచడం, కావాలి. చిగురు పంటికి అతుక్కునే పట్టీ ఎముక పైన సగటున 2 మి.మీ. ఉంటుంది. దానిపై చిన్న చీలికకు ఇంకో మిల్లీమీటరు. అంటే క్యాప్ అంచు ఎముకకు 3 మి.మీ. పైనే ఉండాలి. అంచు ఆ పట్టీలోకి చొచ్చుకుపోతే చిగురు ఎప్పుడూ ఎర్రగా, బ్రష్ తగిలితే రక్తంగా ఉంటుంది, ఎన్నిసార్లు క్లీనింగ్ చేయించినా తగ్గదు. ఆ 3 మి.మీ. మీద క్యాప్ గట్టిగా పట్టుకోవడానికి ఇంకో 1.5 నుంచి 2 మి.మీ. గట్టి పన్ను కావాలి. మొత్తం దాదాపు 5 మి.మీ.

ఇక్కడే లెక్క తప్పుతుంది. లేజర్‌తోనో కాటరీతోనో చిగురు మాత్రం కాల్చేసి అదే రోజు కొలత తీసుకుంటారు. ఎముక అక్కడే ఉంది కాబట్టి కొన్ని నెలల్లో చిగురు తిరిగి పెరిగి క్యాప్ అంచు మీదికి వస్తుంది. ఎముక తీయాలంటే ఫ్లాప్ లేపాలి, పక్క పళ్ల ఎముక కూడా జారుగా కలిసేలా కొద్దిగా తగ్గించాలి. ఎముకలో 12 మి.మీ. ఉన్న వేరు చుట్టూ 3 మి.మీ. తీస్తే మిగిలేది 9, పైన పెరిగే క్యాప్ పొడవు దానికి దగ్గరగా వస్తుంది. పట్టు కంటే పైభాగం పొడవైతే ఆ పన్ను బ్రిడ్జికి స్తంభంగా పనికిరాదు. దవడ పళ్లలో వేర్లు చీలే చోటు బయటపడుతుందేమో కూడా ముందే ఎక్స్‌రేలో కొలవాలి. బయటపడేలా ఉంటే ఆ పన్ను తీసేయడమే నిజాయితీగల సలహా. సర్జరీ అయ్యాక చివరి కొలతకు 6 నుంచి 8 వారాలు, నవ్వితే కనిపించే ముందు పళ్లకు 3 నుంచి 6 నెలలు ఆగాలి.

పన్ను తీసిన రెండు వారాలకే పింగాణీ బ్రిడ్జి బిగిస్తే, గట్టు కరుగుతూ పోయి మధ్య పన్ను కింద సందు తేలుతుంది. అన్నం మెతుకులు అక్కడ చేరతాయి, ముందు పన్నయితే నల్లటి గీత కనిపిస్తుంది. కనీసం మూడు నెలలు తాత్కాలిక అక్రిలిక్ బ్రిడ్జితో నెట్టుకురావాలి. ముందు పళ్లకు, పీకిన రోజే గుంటలో ఎముక పొడి నింపి కప్పితే గట్టు వెడల్పు కొంత నిలుస్తుంది, పూర్తిగా కాదు. అప్పటికే లోపలికి పోయిన చోట అంగిలి నుంచి కణజాలం తీసి చిగురు కింద పెట్టి ఉబ్బించవచ్చు.

కత్తి పట్టకముందు అడగాల్సినవి. షుగర్ ఉంటే హెచ్‌బీఏ1సీ (దాదాపు మూడు నెలల సగటు షుగర్ చూపే పరీక్ష) చూడాలి, 8 దాటితే అత్యవసరం కాని పని వాయిదా వేయడం మంచిది. రక్తం గడ్డకట్టకుండా ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వాడుతున్నవాళ్లు సొంతంగా ఆపకూడదు, స్టెంట్ మూసుకుపోయే ప్రమాదం చిగురు నుంచి కారే రక్తం కంటే చాలా పెద్దది. వార్ఫరిన్ అయితే ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టే వేగం చూపే పరీక్ష) చూసి, ఒక్కో భాగం చొప్పున చేయాలి. ఎముకల బలానికి ఏడాదికోసారి వేసే జోలెడ్రానిక్ యాసిడ్ ఇంజెక్షన్ గురించి పేషెంట్లు చెప్పరు, మాత్ర కాదు కదా అనుకుంటారు. పేరు పెట్టి అడగాలి, ఎందుకంటే దవడ ఎముక మానకుండా బయటపడే ప్రమాదం ఉంది. నోటి క్యాన్సర్‌కు రేడియేషన్ ఇవ్వబోతుంటే తీయాల్సిన పళ్లు కనీసం రెండు మూడు వారాల ముందే తీసేయాలి.

ఇంటికి వెళ్లాక మొదటి రోజు పుక్కిలించకూడదు, ఉమ్మకూడదు, బయట బుగ్గ మీద ఐసు. వేడి కాపడం మొదటి రోజు పెడితే వాపు పెరుగుతుంది. రెండో రోజు నుంచి గ్లాసు గోరువెచ్చని నీళ్లలో అర చెంచా ఉప్పు. చల్లారిన జావ, మజ్జిగన్నం, మెత్తటి పప్పు. కారం, పచ్చడి వారం ఆగాలి. ప్రతి చిన్న ట్రిమ్మింగుకూ అయిదు రోజుల యాంటీబయాటిక్ అక్కర్లేదు. మూడో రోజు తర్వాత నొప్పి తగ్గకపోగా పెరిగితే ఫోను చేయాలి, మాత్ర డోసు పెంచుకోకూడదు.

కొత్త సెట్ కొలతకు పళ్లు తీసిన దగ్గర్నుంచి 6 నుంచి 8 వారాలు. పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లేముందు పళ్లన్నీ తీయించి, వారంలో సెట్ అడిగే పెద్దవాళ్లకు ఇది వినడానికి ఇష్టముండదు. పీకిన రోజే పెట్టిన సెట్ మొదటి రెండు మూడు నెలల్లోనే వదులవుతుంది, సరిగ్గా అక్కడ ఉన్నప్పుడు. అక్కడ ఒక రీలైన్‌కు (సెట్ లోపలి వైపు కొత్త పొర వేసి బిగుతు చేయడానికి) అయ్యే ఖర్చు ఇక్కడి కొత్త సెట్ ధరను దాటిపోవచ్చు. టికెట్ మార్చలేకపోతే పళ్లు తీయడాన్నే తిరిగొచ్చాక పెట్టుకోండి, చీము, నొప్పి ఉన్నవి మాత్రం ఇప్పుడే తీయించుకోండి.